మిత్రుడికి డయాలసిస్ మొదలైందా? కొత్తగా రిటైరైన మీరు మాట ఇచ్చే ముందు చేసుకోవాల్సిన లెక్క

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరికి వెళ్లినా కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ అనే మాట బడి మొహం చూడనివాళ్లకు కూడా తెలుసు. ఇద్దరు కలిస్తే "నీకు ఎంతుంది?" అని అడుక్కుంటారు. ఈ కిడ్నీ జబ్బు ఇక్కడే ఇంతమందికి ఎందుకు వస్తోందో ఇన్నేళ్లయినా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పని అంటారు, నేలంటారు.

నేను హైస్కూల్ టీచర్‌గా 62 ఏళ్లకు రిటైరయ్యాను. నాలుగు నెలలు తిరక్కుండానే, ఆరో తరగతి నుంచి నాతో చదువుకున్న మిత్రుడికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని డాక్టర్లు తేల్చారు. వాడి భార్య అంతకు ముందే పోయింది. ఒక్కడే కొడుకు, గల్ఫ్‌లో వెల్డింగ్ పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి తోట సగానికి పైగా కూలిపోయింది, ఆ దెబ్బ నుంచి వాడింకా కోలుకోలేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో వాడి చెయ్యి పట్టుకుని "నేనున్నాను కదరా, దేనికీ దిగులు పడకు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ ఆ మాటలో వారానికి ఎన్ని రోజులున్నాయో, నెలకు ఎన్ని రూపాయలున్నాయో అప్పుడు నాకు తెలియదు.

నాలుగు నెలలు వారానికి మూడు రోజులూ నేనే తిప్పాను. మా ఆవిడతో కాశీకి తీసిన టికెట్లు రద్దు చేశాను. హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గర ఉంటామన్న ఆరు నెలలూ పోయాయి. ఇంట్లో మాటలు తగ్గాయి, నాకు బీపీ పెరిగింది. ఒకరోజు ఎవరికీ సరిగా చెప్పకుండా, ఎవరికీ పని అప్పగించకుండా అమ్మాయి దగ్గరికి బయల్దేరి వెళ్లిపోయాను. ఆ వారం వాడికి రెండు డయాలసిస్‌లు తప్పాయి. మూడో రాత్రి ఊపిరాడక 108లో ఆసుపత్రికి వెళ్లాడు. బతికాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను మనవడికి అన్నం తినిపిస్తున్నాను.

మీకు అలాంటి ఫోన్ రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

మొదటి పదిహేను రోజులు: పని చేయండి, మాట మాత్రం ఇవ్వకండి

జబ్బు బయటపడిన కొత్తలో మీరు ఉండాల్సిందే. ఆసుపత్రికి తీసుకెళ్లడం, రిపోర్టులు తేవడం, రాత్రి పక్కన పడుకోవడం, ఇవన్నీ చేయండి. లెక్కలు వేసుకునే సమయం కాదది. అయితే "ఇకనుంచి అన్నీ నేనే చూసుకుంటాను" అన్న మాట మాత్రం నోటి దాకా వచ్చినా ఆపుకోండి. దాని బదులు "ఈ వారం నేనుంటాను, వచ్చే ఆదివారం అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. అది చిన్న మాట, తప్పకుండా నిలబెట్టుకోగలిగిన మాట.

మన దగ్గర రిటైరైన మనిషంటే ఖాళీగా ఉన్న మనిషని లెక్క. రోగి బంధువులు కూడా మిమ్మల్ని అలాగే చూస్తారు. "మాస్టారున్నారు కదా" అని వాళ్లు నెమ్మదిగా వెనక్కి తగ్గుతారు. అందులో వాళ్ల చెడ్డతనమేమీ లేదు, ఎవరి కష్టాలు వాళ్లవి. కానీ మొదటి పదిహేను రోజుల్లో ఎవరు ఏ పని చేస్తే, ఏళ్ల తరబడి అది వాళ్ల పనే అయిపోతుంది. అందుకే చిన్న చిన్న పనులు మొదటి రోజు నుంచే పంచండి. టిఫిన్ ఒకరు తేవాలి, మందులు ఒకరు కొనాలి, కొడుక్కి ఫోన్ ఇంకొకరు చేయాలి.

ఈ జబ్బు మిమ్మల్ని ఎంతకాలం, వారానికి ఎన్ని గంటలు అడుగుతుందో తెలుసుకోండి

విరిగిన కాలికి మూడు నెలలు సాయం చేయడం ఒక సంగతి, డయాలసిస్ ఇంకో సంగతి. ఇది నయమై ఆగిపోయే వైద్యం కాదు. కిడ్నీ చేయాల్సిన పనిని మిషన్ చేస్తుంది, కాబట్టి కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం నడుస్తుంది. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. అంటే ఏడాదికి 156 సార్లు. మిషన్ మీద ఉండేది నాలుగు గంటలే అయినా, ఇంటి నుంచి బయల్దేరడం, మంచం ఖాళీ అయ్యేదాకా ఆగడం, అయ్యాక సూది దిగిన చోట రక్తం ఆగేదాకా కూర్చోవడం, నీరసంగా ఉన్న మనిషిని మళ్లీ ఇల్లు చేర్చడం కలిపితే మాకు ఏడు గంటలు పట్టేది. వారానికి 21 గంటలు. ఈ అంకె నేను మొదటి రోజే వేసుకుని ఉండాల్సింది.

డాక్టర్ని కలిసినప్పుడు మర్యాదగానే, కానీ సూటిగా ఇవి అడగండి. డయాలసిస్ ఎన్నాళ్లు చేయాలి? వారానికి రెండా, మూడా? డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం ఎప్పుడు తీస్తారు, చేతికి ఫిస్టులా ఆపరేషన్ (సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపేది) ఎప్పుడు? ఫిస్టులా వేసినా అది సూది గుచ్చడానికి పనికొచ్చేలా తయారవడానికి ఆరు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. అందాకా మెడలోని గొట్టానికి ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం ఎక్కువ. ఈ రోజుల్లోనే తోడు మనిషి అవసరం బాగా ఉంటుంది. ఫిస్టులా కుదురుకుని, మనిషి కాస్త తేరుకున్నాక చాలామంది ఆటోలో ఒంటరిగానే వెళ్లి వస్తారు. అంటే మీ అవసరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదటి మూడు నాలుగు నెలలు భారం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే నేను అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

కిడ్నీ మార్పిడి సంగతి కూడా అడగండి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, భార్య లేదా భర్త, తాతలు, అమ్మమ్మ, నానమ్మలు, మనవలు దగ్గరి బంధువులు. వీళ్లు కాక స్నేహితుడు ఇవ్వాలంటే ప్రత్యేకంగా అధికార కమిటీ అనుమతి ఉండాలి. డబ్బు తీసుకుని ఇవ్వడం నేరం. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వ జీవన్‌దాన్ పథకంలో పేరు నమోదు చేయించవచ్చు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు మీ వైపు చూసి "మీరిద్దరూ ప్రాణ స్నేహితులు కదా" అంటారు. దానికి మీ జవాబు మీ ఇంట్లో, మీ డాక్టర్‌తో ముందే అనుకుని ఉంచుకోండి. కాదనడం ద్రోహం కాదు.

ముందు మీ ఇంట్లో కూర్చోండి

ఈ పని నేను అందరికంటే చివర చేశాను. మీరు అందరికంటే ముందు చేయండి.

రిటైర్మెంట్ ప్లాన్ మీ ఒక్కరిది కాదు. ముప్పై ఏళ్లు మీ ట్రాన్స్‌ఫర్ల వెంట, పరీక్షల డ్యూటీల వెంట, ఎన్నికల డ్యూటీల వెంట నడిచిన మనిషి "అయ్యాక చూద్దాంలే" అన్న మీ మాట పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. మా ఆవిడ వాణ్ణి అన్నయ్య అని పిలుస్తుంది, వాడి భార్య పోయినప్పుడు పదకొండు రోజులు ఆ ఇంట్లోనే వండి పెట్టింది. అలాంటి మనిషికి వాడి మీద కోపమెందుకు ఉంటుంది? ఆవిడ కోపమంతా నా మీదే. "మీరు టికెట్లు రద్దు చేసినందుకు కాదు, నన్నడక్కుండా చేసినందుకు" అంది.

కాబట్టి కాగితం, కలం పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. మీ ప్లాన్‌లో ఉన్నవన్నీ రాయండి: తీర్థయాత్ర, పిల్లల దగ్గర ఉండటం, ఇంటి పైన గది, కంటి ఆపరేషన్, పొలం పని. ఒక్కొక్క దాని పక్కన మూడు మాటల్లో ఒకటి రాయండి: వాయిదా వేయొచ్చు, తగ్గించొచ్చు, కదపకూడదు. కదపకూడనివి రెండైనా ఉండాలి, వాటిలో ఒకటి మీ జీవిత భాగస్వామి ఎంచుకున్నది కావాలి. మా కాగితంలో కంటి శుక్లాల ఆపరేషన్, కాశీ యాత్ర కదపకూడనివయ్యాయి. అమ్మాయి దగ్గర ఆరు నెలలు కాస్తా రెండుసార్లు ఇరవయ్యేసి రోజులుగా తగ్గింది. పైన గది వాయిదా పడింది, ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

రోజులూ రూపాయలూ: మీ గీత మీరే గీయండి

రెండే రెండు అంకెలు తేల్చుకోండి. వారానికి ఎన్ని రోజులు? నెలకు ఎంత డబ్బు?

రోజుల సంగతి ముందు. ఆపకుండా రెండేళ్లు చేయగలిగిన సంఖ్య ఏదో ఆలోచించండి. ఈ వారం ఓపిక ఉందని మూడు అనకండి. నా విషయంలో అది ఒకటని తేలింది. శుక్రవారం నాది. దానికి తోడు నెలకోసారి పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు. అంతే. మొదట ఈ అంకె చూసి సిగ్గనిపించింది. కానీ ఆ శుక్రవారాలు వాడికి ఒక్కటీ తప్పలేదు. అంతకు ముందు మూడు రోజులూ చేసిన మనిషినే చెప్పకుండా పారిపోయాను.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, రిటైరయ్యాక అది కుదరదు. పెన్షన్ కమ్యూట్ చేసినవాళ్లకు, అంటే అందులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకున్నవాళ్లకు, 15 ఏళ్ల పాటు తగ్గిన పెన్షనే వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చాలామంది పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో వేస్తారు. దాని గడువు అయిదేళ్లు. మధ్యలో తీస్తే కోత పడుతుంది: ఏడాది లోపు తీస్తే ఇచ్చిన వడ్డీ అంతా వెనక్కి తీసుకుంటారు, ఏడాది దాటి రెండేళ్ల లోపైతే అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటితే 1 శాతం పోతుంది. 15 లక్షలు వేసి ఏడాదిన్నరకు తీస్తే 22,500 రూపాయలు అక్కడే పోతాయి. దానికి మించి, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ ఆగిపోతుంది. ఆ వడ్డీతోనే కదా మీ ఇంట్లో కిరాణా, మందులు. కాబట్టి మూలధనం ముట్టుకోకండి. సాయం చేస్తే నెల పెన్షన్‌లోంచి చేయండి, తిరిగి రాదనుకుని చేయండి. వస్తే సంతోషం. అప్పుగా ఇచ్చి, మంచం మీద ఉన్న మిత్రుణ్ణి చూసినప్పుడల్లా బాకీ గుర్తుకొస్తే ఆ స్నేహం నిలవదు.

సంతకాల దగ్గర తొందర వద్దు. ఆసుపత్రి కాగితాల మీద రోగి తోడు మనిషిగా సంతకం వేరు, బిల్లుకు హామీగా సంతకం వేరు. చదివి చేయండి. ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చి మిమ్మల్ని జమానతు ఉండమంటే ఒప్పుకోకండి. చట్టం దృష్టిలో జమానతు ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అప్పిచ్చినవాడు నేరుగా మీ దగ్గరికే వస్తాడు.

మీ జేబు ముట్టే ముందు, ఆయనకు రావాల్సినవి రాబట్టండి

టీచర్లూ గుమాస్తాలూ బాగా చేయగలిగిన సాయం ఇది. రిటైరైన ఉద్యోగికి అర్జీ రాయడం, ఆఫీసులో మర్యాదగా నిలబడి పని చేయించుకోవడం వచ్చు. పల్లెలో కొబ్బరికాయలు దించుకుని బతికిన మనిషికి అదే పెద్ద కొండ. నేనిచ్చిన డబ్బుకంటే నేను నింపిన దరఖాస్తులే వాడికి ఎక్కువ పనికొచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌లో అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. మా ప్రాంతంలో సోంపేట, పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డయాలసిస్ జరుగుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. దగ్గరి కేంద్రంలో చోటు దొరికితే రానుపోను ఖర్చు, మీ సమయం రెండూ తగ్గుతాయి. ఈరోజు ఖాళీ లేదంటే పేరు రాయించి వారం వారం వెళ్లి అడగండి.

ఆంధ్రలో డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి, డయాలసిస్ కేంద్రం ఇచ్చే కాగితం, ఆధార్, రేషన్ కార్డు కావాలి. మిత్రుడికి 70 ఏళ్లు నిండితే, ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం కోసం కేంద్రం 2024లో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది.

విదేశంలో ఉన్న పిల్లలు డబ్బు పంపితే అది తండ్రి ఖాతాలోకే రావాలి, మీ ఖాతాలోకి వద్దు. పన్ను చట్టంలో మీరు ఆ అబ్బాయికి బంధువు కాదు. బంధువు కానివాళ్ల దగ్గర నుంచి ఏడాదిలో 50,000 దాటి వచ్చిన డబ్బు మీ ఆదాయంగా లెక్కకొస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. పైగా, రేపు ఏ బంధువో "మాస్టారు ఎంత వాడుకున్నారో" అంటే ఆ మాట భరించడం కష్టం. మిత్రుడు బ్యాంకుకు రాలేని స్థితిలో ఉంటే మేనేజరుతో మాట్లాడండి. సంతకం చేయలేని వృద్ధులు, జబ్బుపడినవాళ్లు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు, ఇద్దరు సాక్షులుండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. ఏటీఎం కార్డు, పిన్ మీ దగ్గర పెట్టుకోవడం తేలికనిపిస్తుంది. పెట్టుకోకండి.

ఇక ఒక నోట్‌బుక్ కొనండి. ఎడమ పేజీలో ఖర్చులు, రసీదులు. కుడి పేజీలో తేదీ, డయాలసిస్‌కు ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, నర్సు చెప్పిన మాట. ఆ పుస్తకం ఎప్పుడూ మిత్రుడి సంచిలోనే ఉండాలి. ఎవరు తోడు వెళితే వాళ్లు రాస్తారు.

ఇప్పుడు ఆయనతో మాట్లాడండి

కొడుకుతోనో తమ్ముడితోనో కాదు, మీ మిత్రుడితో. జబ్బు మనిషి దగ్గర ఇవన్నీ ఎందుకని దాచడం మనకు అలవాటు. కానీ ఆయన పొద్దున లేచి ఈరోజు ఎవరు వస్తారో అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోకూడదు. అంతకంటే నరకం లేదు.

డయాలసిస్ అయిన రోజు వద్దు, నీరసంగా ఉంటారు. మర్నాడు పొద్దున వెళ్లండి. నేను ఇలా అన్నాను: "ఒరే, శుక్రవారం నాది. వాన పడినా, పెళ్లున్నా నాది. సోమవారం, బుధవారం మాత్రం నావల్ల కాదు. వాటికి మనుషుల్ని ఇద్దరం కలిసి చూద్దాం. మాఘమాసంలో పది రోజులు మేం కాశీ వెళ్తాం. ఆ వారం శుక్రవారం ఎవరో కూడా ముందే చూసి పెట్టి వెళ్తాను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వెప్పుడు మానేస్తావో తెలీక నాకు నిద్ర పట్టట్లేదురా. ఇది నయం" అన్నాడు. నేను భయపడింది వాడు నొచ్చుకుంటాడని. వాణ్ణి ఇన్నాళ్లూ నొప్పించింది నా హద్దు లేని మాటేనని అప్పుడు తెలిసింది.

మిగతా రోజులకు మనుషుల్ని కూడగట్టడం

"ఎవరైనా సాయం చేయండి" అంటే ఎవరూ రారు. "బుధవారం పొద్దున ఏడింటికి సోంపేట దాకా బండి మీద దింపుతావా?" అంటే వస్తారు. పనిని ముక్కలు చేసి, ముక్కకో పేరు పెట్టి అడగండి. తోడు వెళ్లడం ఒకటి, ఇంటికి తీసుకురావడం ఒకటి, వంట ఒకటి, మందులు ఒకటి. మాకు ఎలా కుదిరిందంటే: బుధవారం వాడి మేనల్లుడు. సోమవారం ఒక ఆటో అబ్బాయి, నెలకింతని మాట్లాడుకున్నాం, ఆ డబ్బు కొడుకు పంపుతాడు. వంట పక్కింటి కోడలు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి కూడా పని ఉంది: ప్రతి డయాలసిస్ అయ్యాక తండ్రికి వీడియో కాల్ చేసి బరువెంతో అడిగి రాసుకోవాలి. దూరంగా ఉన్న పిల్లలకు డబ్బు పంపడం ఒక్కటే వదిలేస్తే వాళ్లు కుమిలిపోతారు, లేకపోతే మనమీద అరుస్తారు. పని ఇవ్వండి. ఊళ్లో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కూడా సంగతి చెప్పి ఉంచండి.

మీ వంతు రోజున తెలిసి ఉండాల్సినవి

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, ఆ చేత్తో బరువు మోయనివ్వకండి. ఆ చోట వేలు పెడితే సన్నగా జుమ్మని అదురుతుంది. రోజూ పొద్దున ఆయన్నే చూసుకోమనండి. అదురు ఆగిపోతే ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంటికొచ్చాక సూది చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుని, ఆగకపోతే వెంటనే బయల్దేరాలి. మెడలో గొట్టం ఉన్నప్పుడు చలి వణుకుతో జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి.

నీళ్లు కొలిచి తాగాలి. రోజుకు ఎంతో డాక్టర్ చెబుతారు, మూత్రం ఎంత వస్తోందో దాన్ని బట్టి. టీ, మజ్జిగ, చారు, అన్నీ ఆ లెక్కలోవే. పొద్దున్నే ఒక సీసాలో ఆ కొలత నింపి పెడితే తేలిక.

ఇక తిండి. మా ఉద్దానంలో పండేవన్నీ వాడికి కాకుండా పోయాయి. కొబ్బరి నీళ్లు, పనస తొనలు, జీడిపప్పు, మూడూ. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఆగే ప్రమాదముంది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ చేతిలో రెండు బొండాలతో వస్తాడు, ప్రేమగా. వద్దని చెప్పే పని మీరు తీసుకోండి, రోగి చెప్పలేడు. అరటిపండు, కమలా, టమాటా, ఆకుకూరలు కూడా డాక్టరో డైటీషియనో చెప్పినంతే. కూరగాయలు ముక్కలు చేసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది. ఊరగాయ, ఎండు చేప, అప్పడం దూరం పెట్టాలి. ఉప్పు తగ్గించాలని సోడియం తక్కువ ఉప్పు కొనేవాళ్లున్నారు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు, వీళ్లకు అది విషంతో సమానం. ఒళ్లు నొప్పులని దుకాణంలో అడిగి మాత్రలు కొనకండి.

వారంలో ఒక చోట రెండు రోజుల ఖాళీ వస్తుంది. సోమ, బుధ, శుక్రవారాలైతే శని, ఆదివారాలు. వారం మొత్తంలో ప్రమాదం ఎక్కువ ఉండేది ఈ ఖాళీ చివరే. సరిగ్గా ఆదివారమే మనకు పెళ్లిళ్లు, మాంసం కూరలు, చుట్టాలు. ఆదివారం సాయంత్రం ఒక ఫోన్ చేయండి: "పడుకుంటే ఆయాసం వస్తోందా? కాళ్లు వాచాయా? గుండె దడగా ఉందా? కాళ్లూ చేతులూ లాగేసినట్టు నీరసంగా ఉందా?" వీటిలో దేనికైనా అవునంటే సోమవారం దాకా ఆగక్కర్లేదు, 108కి చేయండి. రెండు నిమిషాల ఫోన్ ఇది. హైదరాబాద్ నుంచైనా చేయొచ్చు, కాశీ నుంచైనా చేయొచ్చు. నా ప్లాన్‌లో కదపకూడనివాటిలో ఇది మూడోదయింది.

మీ ఒళ్లు

ఆరు నెలలకోసారి మీ బీపీ, షుగర్, క్రియాటినిన్ చూపించుకోండి. కిడ్నీ జబ్బు బాగా ముదిరేదాకా పైకి కనబడదు, నా మిత్రుడికి కూడా నెల ముందు వరకు ఏ బాధా లేదు. డయాలసిస్ గదిలో కూర్చున్న రోజు సాయంత్రం ఇంకో పని పెట్టుకోకండి. ఆ గదిలో పక్క మంచం మీద ముప్పై ఏళ్ల కుర్రాడు ఉంటాడు. వచ్చే నెల ఆ మంచం మీద వేరే మనిషి ఉంటాడు. అది లోపలికి వెళుతుంది. ఇంటికొచ్చి ఎవరితోనైనా ఆ మాట చెప్పండి, మింగకండి.

మీరు వెళ్లాల్సి వచ్చినప్పుడు

యాత్రకో, పిల్లల దగ్గరికో, మీకే జబ్బు చేసో కొన్ని రోజులు ఆగిపోతారు. కనీసం పదిహేను రోజుల ముందు మిత్రుడికి తేదీలు చెప్పండి. మీ బదులు వచ్చే మనిషిని ఒక శుక్రవారం మీతో తీసుకెళ్లి నర్సులకు చూపించండి, ఏ చేతికి సూది, నోట్‌బుక్‌లో ఎక్కడ రాయాలి, ఆటో ఎక్కడ ఆగుతుంది, అన్నీ. డయాలసిస్ కేంద్రం నంబరు, ఆటో అబ్బాయి నంబరు, కొడుకు నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. వెళ్లాక రోజూ ఫోన్ చేసి పెత్తనం చేయకండి. ఆదివారం ఫోన్ ఒక్కటి చాలు.

మీ శక్తి నిజంగా అయిపోతే, రోజు తగ్గించుకోండి. వారానికి ఒక రోజు కాస్తా రెండు వారాలకోసారి అవ్వొచ్చు. ఆ మార్పు కూడా ముందే, ముఖం చూసి చెప్పండి.

మాఘమాసంలో మేం కాశీ వెళ్లాం. పది రోజులకు తిరిగి గురువారం సాయంత్రం సోంపేటలో దిగి, ఇంటికి వెళ్లేముందు ఇద్దరం వాడి ఇంటి దగ్గర ఆగాం. మా ఆవిడ ప్రసాదం పెట్టింది, చిటికెడంత, వాడి లెక్క ప్రకారమే. నేను సంచిలోంచి నోట్‌బుక్ తీసి చూశాను. నాలుగు డయాలసిస్‌లూ జరిగాయి. బరువులు, బీపీలు మేనల్లుడి చేతిరాతలో ఉన్నాయి. ఆ కింద వణికిన అక్షరాలతో వాడే ఒక వరుస రాశాడు: "రేపు శుక్రవారం. ఏడింటికి."